గుమ్మం గంట తడవకూడదు

మృగశిర కార్తె, తొలి వాన

ఇది అంచె ఆఫీసుకిచ్చే చిట్టా కాదు. దానికి వేరే ఉంది, అందులో "గంట క్షేమం, ఇంటివారు క్షేమం" అని రాసి పంపేస్తాను. ఇది మా ఆయన వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి చదవడానికి. ఆయన కింద సముద్రం గట్టు పనికి వెళ్ళిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో నేనెన్ని పడుతున్నానో రాసి పెట్టుకోకపోతే మరిచిపోతాను. మరిచిపోతే తిట్టడానికి సరుకుండదు.

ఈ రోజు సరుకు పై ఇంటి తౌడమ్మ. మా అంచెలో ఇళ్ళు కొండకి మెట్లు మెట్లుగా ఉంటాయి కాబట్టి ఆవిడ వాకిలే మాకు చూరు. ఆవిడ బట్టలు ఉతికిన నీళ్ళన్నీ తూములోంచి సరిగ్గా మా గుమ్మం పక్కన, మనిషి మొహం చూసి తలుపు తీసే గంట మీద పడతాయి. వాన ఒకటి చాలదన్నట్టు సబ్బు నీళ్ళు కూడా. నేను వాకిట్లోకి వచ్చి పైకి చూసి అరిచాను.

"తౌడత్తా! నీ తూము పక్కకి తిప్పుకుంటావా, నన్ను పైకొచ్చి తిప్పమంటావా?"

"నీల్లు పల్లానికే పోతాయే రత్నం. నీ ఇల్లు పల్లంలో ఉంటే నాదేటి తప్పు?"

"నా గంట తడిసి సచ్చిపోతే?"

"సచ్చిపోతే ఏడు. ఇద్దరం ఏడుద్దాం."

తిట్టేటప్పుడు కూడా నేను వరస తప్పను, అత్తా అనే తిడతాను. ఆవిడ తలుపేసుకుంది. నేను పాత నూనె డబ్బా నిలువుగా కోసి, అంచులు సుత్తితో వంచి, గంట నెత్తిన గొడుగులా మేకులు కొట్టాను. చూడడానికి అసహ్యంగా ఉంది. ఉండనీ.

ఆరుద్ర కార్తె, ఉప్పు గాలి

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఆ మాట అన్నవాడు ఉప్పు వాన చూసి ఉండడు. ఇక్కడ గాలి సముద్రాన్నే ఎత్తుకొచ్చి గోడకి కొడుతుంది. పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందు గంట కంటికి పట్టిన ఉప్పు పొర తుడవాలి. పొడిగుడ్డతో తుడిస్తే అద్దం గీసుకుపోతుంది. మంచినీళ్ళలో ముంచి పిండిన మెత్తటి పాత చీర ముక్కతో, పై నుంచి కిందికి ఒకే వైపు తుడవాలి. దాన్ని గోడకి బిగించిన మరలకి నూనె పెట్టాలి. ఇంత చాకిరీ నా కన్నతల్లికి చేసి ఉంటే స్వర్గానికి మెట్లు పడేవి.

తరవాత దాని ముందు నిలబడాలి. అది చూసి "నూకరత్నం" అంటే తలుపు గడియ వదులుతుంది. అనకపోతే నా ఇంట్లోకి నేనే పరాయిదాన్ని.

మధ్యాహ్నం మెట్ల కాపలా బంగారునాయుడు గంటలు చూసుకుంటూ వచ్చాడు. మా ఆయనకి వరసకి తమ్ముడు, మంచివాడే కానీ మొహాన ఎప్పుడూ చావు కబురే ఉంటుంది. ఈ రోజూ తెచ్చాడు. సందు చివర పారమ్మ ఇంటి గంట, లోపలికి నీళ్ళు పోయి చచ్చిందట, కొత్తది బిగించి వస్తున్నాడు.

"మరి ఆవిడ కొడుకు?" అన్నాను.

"గట్టు మీదే ఉన్నాడు కదొదినా. కొత్త గంటకి బిగించిన నాడు గుమ్మం మీద ఎవులుంటే ఆలే తెలుస్తారు. ఆడు లేడు."

"రేపు ఆడొస్తే?"

"గంట పేరు సెప్పదు. సెప్పకపోతే కిందకి తీసుకెల్లిపోవాల." నేల చూపులు చూస్తూ అన్నాడు. "నన్నేటి సెయ్యమంటావు? ఊరూ పేరూ లేనోల్లు పైకొచ్చి, నాను పలానా ఇంటోడినని సెప్తన్నారు. అందుకే గంట మాటే మాట."

ఇదివరకు గంటలు తాము చూసినవన్నీ ఎక్కడికో పంపేవట. ఆ తీగలన్నీ ఉప్పు తిని పోయాయి. ఇప్పుడు ఏ గంట చూసింది ఆ గంట కడుపులోనే ఉంటుంది. మా ఆయన చిన్నంనాయుడి మొహం ఈ లోకంలో ఒక్క మా గంటలోనే ఉంది. అది పోతే వానలు వెనకబట్టాక మా ఆయన మెట్లెక్కి వచ్చి కూడా మెట్లు దిగిపోవాలి, గట్టు మీది కొట్టంలో ఎవరికీ కానివాడిలా పడి ఉండాలి.

బంగారునాయుడు వెళ్ళాక వంటింట్లో, గంట చూసినవి చూపించే చిన్న తెర దగ్గరికి వెళ్ళి "చిన్నంనాయుడిని చూపించు" అన్నాను. గంట చూపించింది. వెళ్ళేనాటి మొహం. తలకి నూనె, నున్నటి గెడ్డం, పళ్ళన్నీ కనపడేలా నవ్వు. బయలుదేరేటప్పుడు నవ్వుతున్నాడు చూడు, నన్ను వదిలించుకున్నట్టు! దాన్ని రోజూ చూస్తానని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఎప్పుడైనా చూస్తాను.

పునర్వసు కార్తె, ముసురు

డబ్బా గొడుగు ఈ గాలికి ఆగేది కాదు. వాన నిలువుగా పడితే గొడుగు, అడ్డంగా పడితే ఏం గొడుగు? ఆలోచించి ఆలోచించి నాకే సిగ్గేసింది. నేనెవరి కూతుర్ని? మా నాన్న పడవలు కట్టినవాడు. పలకల సందుల్లో నూనెలో నానబెట్టిన దూదితాడు కూరి, పైన గుగ్గిలం కాచి పూస్తే ఆ పడవలో చుక్క నీరు వచ్చేది కాదు. సముద్రాన్నే బయట నిలబెట్టినవాడి కూతుర్ని, ఒక గంటకి వాన ఆపలేనా?

గుగ్గిలం కాచాను. ఇల్లంతా పొగ. గంట చుట్టూ గోడకీ దానికీ మధ్య ఉన్న సందు నాలుగు వైపులా దూదితాడు కూరి, పైన వేడి గుగ్గిలం పూసి వేలితో నున్నగా దిద్దాను. అడుగున ఒక చిన్న బెజ్జం కనబడింది. ఈ గంటలు చేసిన మహానుభావుడెవడో గానీ నీళ్ళు పోవడానికి దారి కూడా తనే పెట్టాడు! దాన్ని కూడా బిగించాను.

తౌడమ్మ పిట్టగోడ మీద నుంచి మెడ సాచి చూస్తోంది.

"ఒలే రత్నం, అడుగు బెజ్జం మూసీకే. అది దానికి ఊపిరి."

"పడవకి అడుగున బెజ్జం ఎట్టమంటన్నావా అత్తా?"

"అది పడవేటే? గోడనున్నది."

"నీ తూము నీల్లు దాంట్లోకి దూరాలని నీ కోరిక. నాకు తెల్దేటి?"

"నా మాటినకు. ఇంటే నీ పరువు పోద్ది."

ఇంటి పక్కన పాము ఉంటే అది చెప్పిన మందు వేసుకుంటామా? గుగ్గిలం ఇంకో పూత పూశాను.

ఆశ్లేష కార్తె, ఎండా వానా కలిసి

కొన్నాళ్ళు దర్జాగా ఉన్నాను. ఎంత వాన కొట్టినా గంట మీది నుంచి జారిపోతోంది. పైకి చూసి మరీ నవ్వాను. తౌడమ్మ కూడా నవ్వింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఈ రోజు మధ్యలో ఎండ కాసింది. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాను.

"ఎవరు?" అంది గంట.

"నీ పెళ్ళాన్ని. తియ్యి."

"దగ్గరికి రండి."

దగ్గరికి వెళ్ళాను. ముక్కు అద్దానికి తగిలేంత వెళ్ళాను. "ఎవరు?" అంది మళ్ళీ. కొంగుతో అద్దం తుడిచాను. మసక పోలేదు. ఇంకా గట్టిగా తుడిచాను. అప్పుడర్థమైంది, మసక లోపలి వైపు ఉంది. నా వేలు అక్కడికి పోదు.

ఈలోగా మళ్ళీ వాన. బిందెతో సహా తడుస్తూ నా గుమ్మం ముందు నేనే బిచ్చగత్తెలా నిలబడ్డాను. పైన తౌడమ్మ చూస్తోందని తెలుసు, తల ఎత్తలేదు. చాలాసేపటికి గంట ఏమనుకుందో "నూకరత్నం" అంది, అదీ అనుమానంగా. లోపలికి వెళ్ళి బిందె నేలకేసి కొట్టాను. ఉన్న ఒక్క మంచి బిందెకి సొట్ట పడింది. ఇది కూడా మా ఆయన ఖాతాలోనే.

మఖ కార్తె, ఎడతెరిపి లేదు

రోజురోజుకీ గంట గుడ్డిదవుతోంది. పొద్దున్న అద్దం లోపల చెమట. మధ్యాహ్నానికి చెమట చుక్కలై, చుక్కలు కిందికి జారి, అడుగున గోరంత నీరు నిలిచింది. బయటి నుంచి ఒక్క చుక్క రాలేదు, మా నాన్న పేరు నిలబెట్టాను. మరి ఈ నీరెక్కడిది?

వంటింటి తెర దగ్గరికి వెళ్ళి "చిన్నంనాయుడిని చూపించు" అన్నాను. తెర బూడిద రంగులో వణికింది. మళ్ళీ అడిగాను. ఒక చెవి, కొంచెం నుదురు కనబడి పోయాయి.  నిజం చెప్పాలంటే అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. మఖలో పుట్టి పుబ్బలో మాడిపోయేదానికి నా మొగుడి మొహం అప్పజెప్పి కూర్చున్నాను.

ఏడుపు అయ్యాక బుర్ర పనిచేసింది. పడవ ఒడ్డున ఉన్నా, నీళ్ళ మీద తేలుతున్నా, దాని కడుపు ఆకాశానికి తెరిచే ఉంటుంది. లోపలి తడి ఎండకి ఆరిపోతుంది. ఈ గంటకి కడుపు తెరిచి లేదు. నేను గుగ్గిలం పూసిన రోజు ముసురు. ఆ రోజు గాలిలో ఉన్న తడినంతటినీ దాంతో పాటే లోపల పెట్టి మూశాను. ఎండ తగిలినప్పుడల్లా అది ఆవిరై, చల్లబడినప్పుడల్లా నీరవుతోంది. బయటికి పోయే దారి ఒక్కటే, ఆ దారి నేనే బిగించాను.

అంటే తౌడమ్మ చెప్పింది నిజం. ఈ వాక్యం రాయడానికి ఎంతసేపు పట్టిందో మా ఆయనకి కూడా చెప్పను.

దబ్బనం వేడి చేసి అడుగు బెజ్జంలోని గుగ్గిలం తవ్వాను. దూదితాడు పీకగానే నీళ్ళు నా మోచేతి మీదుగా కారాయి. బియ్యం వేయించి, గుడ్డలో మూట కట్టి, వేడివేడిగా గంటకి అదిమిపట్టుకుని నిలబడ్డాను. చల్లారితే మళ్ళీ వేయించాను. పక్షవాతం వచ్చిన మనిషికి కాపడం పెట్టినట్టు పెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. పైనా పక్కలా పూసిన గుగ్గిలం మాత్రం కదపలేదు. అక్కడ మా నాన్నదే రైటు.

పుబ్బ కార్తె, గాలి తగ్గింది

గంట తేరుకుంది. నన్ను వీధి మలుపులో ఉండగానే గుర్తుపడుతోంది. తెర మీద మా ఆయన మొహం పూర్తిగా వచ్చింది, పళ్ళతో సహా.

తౌడమ్మకి విషయం తెలిసిపోయింది. నేను దబ్బనం పట్టుకున్నప్పుడే చూసి ఉంటుంది.

"ఊపిరొచ్చినాదేటే నీ గంటకి?" అంది, ఊరంతా వినబడేలా.

"నీ తూము నీల్లు తగ్గినాయి, అందుకే బాగయినాది."

"ఓలమ్మో! కిందడినా గెలుపు నీదే."

ఆ సాయంత్రం నా మీద కోపం కొద్దీ రెండు దుప్పట్లు ఎక్కువ ఉతికింది. గొడుగు మీద టపటపమని మోత. నేను తలుపు దగ్గర కూర్చుని అది ఆగేదాకా శాపనార్థాలు పెట్టాను. గంట మాత్రం పొడిగానే ఉంది.

హస్త కార్తె, తెరిపి

ఈ రోజు గట్టు నుంచి మగవాళ్ళు వచ్చారు.

పొద్దున్నే మెట్ల మీద అలికిడి. అద్దం తుడిచాను, మరలకి నూనె పెట్టాను, అడుగు బెజ్జంలో అగ్గిపుల్ల పెట్టి చూశాను. తిట్ల జాబితా మనసులో ఒకసారి చదువుకున్నాను. బంగారునాయుడు ఒక్కొక్కరినీ ఒక్కొక్క గుమ్మం దగ్గర నిలబెడుతూ వస్తున్నాడు. మా గుమ్మం ముందు ఒక ముసలాయన్ని నిలబెట్టాడు.

"ఎవరు నువ్వు?" అన్నాను.

"రత్నం," అన్నాడాయన.

గొంతు మా ఆయనది. మొహం కాదు. తోలంతా ఉప్పు తిని పొరలు పొరలుగా ఊడి, మళ్ళీ పట్టి, మళ్ళీ ఊడిన మొహం. ముక్కు మధ్యలో అణిగిపోయింది, మోకు తెగి తగిలిందట. ఒక రెప్ప కిందికి వాలిపోయింది. ముందు పళ్ళు లేవు. నేను గంట కన్నా ముందు "ఎవరు నువ్వు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"తెలియని వ్యక్తి. దయచేసి గుమ్మం దిగండి," అంది గంట.

"సరిగా సూడు!" అని దాని మీద అరిచాను.

బంగారునాయుడు నా కళ్ళలోకి చూడలేదు. "ఒదినా, సందు సివరిదాకా ఎల్లి ఒస్తాను. కొత్త గంటలు నా సంచిలోనే ఉన్నాయి, సచ్చినవి మార్చుకోవాల. ఆలోగా నీ గంట పేరు సెప్పిందా సరే. నేదంటే అన్నయ్యని తీసుకెల్లిపోవాల."

"నువ్వెరగవేటి ఆయన్ని? తమ్ముడివి కదా!"

"నాను ఎరగడం కాదు కదొదినా. గంట ఎరగాల."

అతను వెళ్ళాక మా ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి మొహం కడిగాను. తలకి నూనె రాసి దువ్వాను. గెడ్డం గీశాను, పొక్కుల మీద కత్తి తగిలినా ఆయన కదల్లేదు. వాలిన రెప్పని వేలితో ఎత్తి పట్టుకున్నాను. ఎడమకి తిప్పాను, కుడికి తిప్పాను, ఎండలోకి లాగాను. గంట ప్రతిసారీ అదే మర్యాదగా గుమ్మం దిగమంది. దానికి ఏ లోపమూ లేదు. కంటి మీద చుక్క లేదు, కడుపులో తడి లేదు. అంత బాగా చూస్తోంది కాబట్టే కాదంటోంది. వాన తగలకుండా గంటని కాచుకున్నాను. ఆ వానలన్నిటిలోనూ మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు, ఆయనకి ఏ డబ్బా గొడుగూ లేదు.

"ఒలే, ఊరుకో," అన్నాడు. "కొట్టంలో అలవాటే. మల్లీ వానల ముందు ఒస్తాను, అప్పటికి మొగం తేరుకుంటాదేమో."

"ముక్కు మొలుస్తాదేటి?" అన్నాను.

తలుపు తెరిచే ఉంది. వంటింటి తెర గడప దగ్గరికి లాక్కొచ్చి చూపించమన్నాను. నవ్వుతూ వచ్చాడు నున్నటి చిన్నంనాయుడు. మా ఆయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"ఈడెవుడే, ఇంత బాగున్నాడు?" అన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. గంట మీద, గట్టు మీద, తెరలో నవ్వుతున్న వాడి మీద. లేచి డబ్బా గొడుగు పీకి పైకి విసిరేశాను. కత్తి తెచ్చి చుట్టూ ఉన్న గుగ్గిలం కోసేశాను. మరలు నూనె తాగి ఉన్నాయేమో, చెయ్యి తగలగానే వచ్చేశాయి. సొట్ట బిందె నిండా నీళ్ళున్నాయి. గంటని తీగతో సహా అందులో ముంచి, రెండు చేతులా అదిమిపట్టాను.

నీళ్ళలోంచి అది నన్ను చూసి "నూకరత్నం" అంది. మళ్ళీ అంది. అడుగు బెజ్జంలోంచి బుడగలు వచ్చాయి. మూడోసారి అనలేదు. తెర మీద ముందు పళ్ళు పోయాయి, తరవాత కళ్ళు పోయాయి. నేను చెయ్యి తియ్యలేదు.

మళ్ళీ గోడకి బిగిస్తుండగా బంగారునాయుడు వచ్చాడు. గంటలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అతను ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు.

"పొద్దున్న పని సేసింది కదేటి?"

 కావాలని గంటని చంపినవాళ్ళకి ఇల్లే ఉండదు. పైనుంచి తౌడమ్మ గొంతు వచ్చింది.

"ఇన్నాల్లూ నా తూము నీల్లే అని నోరు పోయేలా అరిసింది కదరా బావూ. ఈ పొద్దూ నా తూము నీల్లే. రాసుకో, గంట తడిపినందుకు నా నీల్ల వంతు కోసీ. ఒలే రత్నం, నీ గొడుగు నా వాకిట్లో పడింది, అదెవుడి అబ్బ సొమ్మనుకున్నావు?"

"నీ వాకిట్లో నా సొమ్మెందుకుంటాది అత్తా? ఇసిరీ కిందకి," అన్నాను. ఆ మాట తిట్టులా రాలేదు, ఆవిడ విని ఉంటుంది. విననీ.

బంగారునాయుడు ఆవిడ చెప్పినట్టే రాసుకున్నాడు. సంచిలోంచి కొత్త గంట తీసి బిగించాడు. అది కళ్ళు తెరిచి, "ఈ ఇంటివారు గుమ్మం మీదకి రండి" అంది. బంగారునాయుడు దానికి మా ఇద్దరి పేర్లూ చెప్పాడు, మా ఆయన నా పక్కన నిలబడ్డాడు. చెయ్యి చల్లగా ఉంది.

"నా మొగం ఎలాగుందే?" అన్నాడు మెల్లగా.

"దరిద్రంగా ఉంది. కదలకుండా నిలబడు."

"నవ్వనా?"

"వొద్దు మావా. దీని ముందు రోజూ నవ్వలేం. ఎలాగున్నావో అలాగే ఉండు."

"చిన్నంనాయుడు," అంది గంట. గడియ వదిలింది.

ఆయన లోపల పడుకున్నాడు. ఈ చిట్టా చదివి వినిపిస్తానన్నాను కానీ మఖ దాకా రాకుండానే నిద్రపోయాడు. వంటింటి తెర దగ్గరికి వెళ్ళి అలవాటుగా చూపించమన్నాను. వాలిన రెప్ప, అణిగిన ముక్కు వచ్చాయి. ఆ నవ్వే మొహం ఈ గంటకి తెలియదు. ఇక అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.